జామకాయల వైద్యం

నాకు జామకాయ ఇచ్చినవాళ్లెవరూ నా ఆకలి చూసి ఇవ్వలేదు, నా నోరు చూసి ఇచ్చారు. అమ్మ ఇచ్చింది. హాస్టల్ వార్డెన్ ఇచ్చింది. అత్తమ్మ ఇచ్చింది. చివరికి కడుపున పుట్టిన బిడ్డ కూడా ఇచ్చింది. "తిను, పళ్లు తెల్లగైతయి" అని అందరిదీ ఒకటే మాట. ఎదుటి మనిషి చేతిలో ఒక కాయ పెట్టి, నీ నోరు మురికిగా ఉందని చెప్పే మర్యాద మా వైపు వాళ్లకే తెలుసు. తిట్టినట్టూ ఉంటుంది, పెట్టినట్టూ ఉంటుంది. పుచ్చుకున్నవాళ్లు ఎదురు మాట్లాడడానికి కూడా వీలుండదు, నోట్లో కాయ ఉంటుంది కాబట్టి.

నా పళ్లు పచ్చగా ఉంటాయి, వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలుంటాయి. ముందు పళ్లలో కొన్నింటికి సన్నటి గుంటలు కూడా ఉన్నాయి. వీటిని మా దగ్గర గార పళ్లు అంటారు. మాది పెద్దవూరకు దగ్గరలో ఒక ఊరు. బస్సెక్కితే నాగార్జున సాగర్ ఎంతో దూరం లేదు. ఆ డ్యాం నీళ్లు కాలువలు పట్టుకుని ఎక్కడెక్కడి పొలాలకో పోయేవి, మేము మాత్రం బోరింగు కొట్టుకుని ఆ నీళ్లే తాగేవాళ్లం. దీపం కింద చీకటి అనే సామెతకు బళ్లో సారు అర్థం చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. అప్పటికింకా నేను నవ్వేదాన్ని.

మా బోరింగు నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఊరందరికీ తెలుసు. కాళ్లు వంకర పోయినవాళ్లు, మెడ తిప్పలేనివాళ్లు ప్రతి వాడలోనూ ఉన్నారు. ఎవరి నడుము వంగినా "మన నీళ్లు మంచియి గావు" అని నిట్టూర్చేవాళ్లు. పళ్లు పచ్చబడితే మాత్రం ఆ నీళ్లు ఒక్కరికీ గుర్తొచ్చేవి కావు. "సక్కగ తోముకోదు" అనేవాళ్లు. ఎముక వంగితే నీళ్ల తప్పు, పన్ను పచ్చబడితే మనిషి తప్పు. ఒకే నోటితో తాగిన ఒకే నీళ్లకు రెండు న్యాయాలు ఎలా ఉంటాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అది మురికి కాదని మా అమ్మ ఒక్కసారి అంటే చాలని నేను చిన్నప్పటి నుంచీ ఎదురు చూశాను. ఊరు ఏమన్నా పడొచ్చు. అమ్మ అనాలి. నాకు అంతకు మించిన కోరిక లేదు.

అమ్మ కూలికి పోయేది. నాట్లు, కలుపు, పత్తి ఏరడం, ఏది దొరికితే అది. ఊళ్లో సూదిమందు వేసే ఆర్.ఎం.పి. ఒకాయన ఉండేవాడు. పీచున్న పండ్లు నమిలితే పళ్లు వాటంతటవే శుభ్రమవుతాయని ఆయన ఎప్పుడో చెప్పాడట. అబద్ధమేమీ కాదు. పీచు పంటిని రుద్దుతుంది, నోట్లో నీళ్లూరతాయి, పాచి పోతుంది. పోవడానికి అక్కడ పాచి ఉండాలి, అంతే. ఆ ముక్క ఆయన చెప్పలేదు, అమ్మ అడగలేదు.

ఇక నా నోటికి సెలవు లేకుండా పోయింది. కూలి నుంచి వస్తూ ఎవరి చేను గట్టు మీదనో ఉన్న చెట్టు జామకాయలు కొంగున కట్టుకొచ్చేది. దోరవి కూడా కాదు, పచ్చివి, గట్టివి. చెరుకు కాలంలో చెరుకు ముక్కలు. మామిడికాయల కాలంలో గుజ్జంతా తమ్ముడికిచ్చి, పీచున్న టెంక నాకిచ్చేది. తాటిపండ్లు రాలే రోజులొస్తే నాకు భయం. ఆ పీచు పళ్ల సందుల్లో ఇరుక్కుంటే తీయడానికి అమ్మ సూది పట్టుకుని కూర్చునేది.

"ఎనక పళ్లతోని గాదు. ముంగటి పళ్లతోని కొరుకు" అనేది. ఎదుటివాళ్లకు కనిపించేవి ముందు పళ్లే కదా. నేను కొరికేదాన్ని. తిన్నాక నా గదవ పట్టుకుని, మొహం ఎండకు తిప్పి, పెదవి పైకెత్తి చూసేది. "ఇంకా పోలె. రేపు ఇంకోటి తిను" అనేది. చిగుళ్ల నుంచి వచ్చిన నెత్తురు జామకాయ కొరికిన చోట ఎర్రగా అంటుకుని ఉండేది. అది కూడా చూసేది. అయినా రేపు ఇంకోటి తెచ్చేది.

అమ్మ పళ్లూ అదే రంగు. తన పళ్ల కోసం మాత్రం ఆమె ఏ కాయా కొరకలేదు.

హైస్కూలుకి నన్ను సూర్యాపేట హాస్టల్లో వేశారు. అక్కడ ఇంకో ఆచారం. పొద్దున్నే వరండాలో వరసగా నిలబెట్టి, వార్డెనమ్మ గోళ్లు, తలలు, పళ్లు చూసేది. "ఈ" అనాలి. అందరూ "ఈ" అని ముందుకు జరిగేవాళ్లు. నా దగ్గర ఆమె ఆగేది.

"ఏమే, పళ్లు తోముకుంటలేవా? పేస్టు ఇస్తలేమా నీకు?"

"తోముకున్న మేడం."

"తోముకుంటే గిట్ల ఉంటయా? అబద్ధం గూడ నేర్చినవ్."

వరస లోంచి తీసి పక్కన నిలబెట్టేది. నాతోపాటు ఇంకో ఇద్దరు ముగ్గురు ఉండేవాళ్లు, అందరం మా మండలాల వాళ్లమే. వరసలో మిగిలినవాళ్లు కాలువ కింది ఊళ్లవాళ్లు. మురికి ఒక్క మా మండలాల పిల్లల్లోనే ఎందుకుంటుందని, చదువుకున్న ఆ మనిషికి ఒక్కరోజు కూడా అనుమానం రాలేదు. ఒక్కోసారి ఆమెకు జాలి పుట్టి, తన ఇంటి నుంచి తెచ్చుకున్న జామకాయ నా చేతిలో పెట్టేది. "నమిలి నమిలి తిను. గార ఊడిపోతది" అనేది. ఆ జాలి కంటే తిట్టే నయమనిపించేది. నేను ఇటుక పొడి, బొగ్గు, ఉప్పు, ఏది దొరికితే దానితో రుద్దేదాన్ని. చారలు చెక్కుచెదరలేదు. ఆదివారాలు అమ్మ చూడడానికి వచ్చేది, ప్లాస్టిక్ సంచిలో జామకాయలతో. మిగతా పిల్లల తల్లులు మురుకులు, సకినాలు తెచ్చేవాళ్లు.

ఆ హాస్టల్లోనే నవ్వడం మానేశాను. మానడం అంటే ఒక్కరోజులో కాదు. ముందు చెయ్యి అడ్డం పెట్టుకోవడం వచ్చింది, తర్వాత పెదవులు బిగబట్టడం వచ్చింది, ఆ తర్వాత నవ్వే రావడం తగ్గింది. ఎవరైనా అడిగితే "నవ్వు నాలుగు విధాల చేటు" అనేదాన్ని. పెద్దవాళ్లు ముచ్చటపడేవాళ్లు. ఈ వయసులో ఎంత బుద్ధి అని.

ఆ బుద్ధే నాకు పెళ్లి చేసింది. మిర్యాలగూడ నుంచి చూడడానికి వచ్చారు. అబ్బాయి రైస్ మిల్లులో ఆపరేటరు. నేను తల వంచుకుని, పెదవులు మూసుకుని, అడిగినదానికి ఊఁ, ఊహూఁ అని కూర్చున్నాను. మా అత్తమ్మ కాబోయే ఆవిడకు నేను తెగ నచ్చేశాను. "ఇప్పటి పిల్లల లెక్క ఇకఇక ఇకఇక లేదు. పద్ధతిగల్ల పిల్ల" అన్నదట. పెళ్లిలో ఫోటోలు తీసేవాడు "జర నవ్వమ్మా, జర నవ్వు" అని ఎంత మొత్తుకున్నా నేను నవ్వలేదు. అదీ పద్ధతిలోకే వెళ్లింది. తలంబ్రాల దగ్గర మా ఆయన బియ్యం గుప్పిట్లో ఎక్కువ పట్టుకుని నా తల మీద కుమ్మరించేసరికి నవ్వొచ్చేసింది. ఎదురుగా అత్తమ్మ. ఆవిడ మొహం మారడం నేను చూశాను. మర్నాడు మిర్యాలగూడలో నా ముందు ఒక గిన్నె పెట్టింది. అందులో కోసిన జామకాయ ముక్కలు.

"తిను పిల్లా. రోజూ తింటే మెల్లమెల్లగ పోతది. మీ అమ్మ చిన్నప్పటి సంది అలవాటు చెయ్యలేదు గావచ్చు."

ఆ మాటకు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. నేను ఏడ్చింది మాత్రం అమ్మ మీద కోపంతో. ఇన్నేళ్లు నా చిగుళ్లకు నెత్తురొచ్చేలా కొరికించి ఆమె సంపాదించిన పేరు అది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా అమ్మ ఆ ఆనవాయితీ తప్పింది. మా ఊళ్లో దవాఖాన లేదని, తనే మిర్యాలగూడ వచ్చి పురుడు చూస్తానని చెప్పింది. వియ్యంకుల ఇంట్లో తల్లి ఉండి పురుడు పోయడమేమిటని వాడకట్టంతా నవ్వుకున్నారు. అయినా వచ్చింది. నాకు కూతురు పుట్టింది. అమ్మ నెలపాటు ఉంది. ఉన్నన్నాళ్లూ మా తోటికోడలి పిల్లలనే చూస్తూ కూర్చునేది. వాళ్లు పొద్దున లేచి బ్రష్షు నోట్లో ఆడించి పారేసేవాళ్లు. రోజంతా చాక్లెట్లు. జామకాయ ఇస్తే గింజలున్నాయని ఉమ్మేసేవాళ్లు. పళ్లు చూస్తే మల్లెమొగ్గలు. ఒకరోజు అమ్మ మా తోటికోడలిని అడుగుతుంటే విన్నాను.

"మీరు తాగే నీళ్లు యాడియి?"

"సాగర్ నీళ్లే గదమ్మా. నల్లాల వస్తయి."

ఆ ప్రశ్నలో నాకు ఏమీ వినిపించలేదు. పసిపిల్ల ఏడుస్తోంది, నా గొడవ నాది.

ఆ తర్వాత అమ్మ మారిపోయింది. పిల్లను తీసుకుని మా ఊరు వెళితే, బస్సు దిగిన దగ్గర్నుంచి ఎప్పుడు పంపించేద్దామా అన్నట్టు ఉండేది. గడపలో అడుగుపెట్టిన మనిషికి ముందుగా చెంబుతో నీళ్లిస్తారు. పగవాడికైనా ఇస్తారు. మా అమ్మ నా బిడ్డకు నీళ్లు ఇచ్చేది కాదు. పిల్ల "నీళ్లు, నీళ్లు" అని గునిస్తే సోడా తెప్పించేది, కొబ్బరిబోండాం కొట్టించేది. ఒకసారి నేనే కుండలో ముంచబోతే గ్లాసు లాక్కుంది. "ఇగ బస్సు టైం అయితాంది, పొండి" అంది. పొద్దు ఇంకా నడినెత్తిన ఉంది. ఇంటికొచ్చాక మా ఆయన అన్నాడు.

"మీ అమ్మ మనకు ఒక గ్లాసు మంచినీళ్లు ఇయ్యలే. నేనేం జేసిన ఆమెకు?"

అల్లుడంటే గిట్టడం లేదా, ఆడపిల్ల పుట్టిందనా, అన్నీ ఆలోచించాను. ఒక్క నీళ్ల గురించి ఆలోచించలేదు.

పిల్లకు రెండో ఏడు నడుస్తుండగా నాకు కోదాడలో టీచరు ఉద్యోగం వచ్చింది. మిర్యాలగూడ నుంచి రోజూ పోయి రావడం అయ్యే పని కాదు. అక్కడే ఒక గది కిరాయికి తీసుకుని వారానికోసారి ఇంటికి రావాలి. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. పిల్లను కొన్నాళ్లు ఉంచుకోమని అమ్మను అడగడానికి వెళ్లాను. ఇలాంటప్పుడు పిల్లలను అమ్మమ్మలే పెంచుతారు. అడగాల్సిన పని కూడా ఉండదు.

"నాతోని కాదు బిడ్డా. మీ అత్తనే జూసుకోమను."

"ఎందుక్కాదు? కూలికి గూడ పోతలేవ్ గద ఇప్పుడు."

"కాదంటున్న గద."

"తమ్ముని పిల్లలను సాదుతున్నవ్. నా పిల్లనే బరువైందా నీకు?"

అమ్మ లేచింది. లోపలికి వెళ్లి, జామకాయల సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "బస్సుల తిను" అంది. నేను ఆ సంచి అక్కడే గడప మీద పెట్టేసి వచ్చాను. ఆ తర్వాత చాలాకాలం మా ఊరు వెళ్లలేదు. పిల్లను అత్తమ్మే పెంచింది. పెంచినన్నాళ్లూ "అమ్మమ్మకే పట్టని పిల్లను నేను మోస్తున్న" అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పింది. పడ్డాను. పడక ఏం చేస్తాను, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

కోదాడ బళ్లో ఒకసారి పళ్ల డాక్టరును పిలిపించి పిల్లలకు పరీక్షలు చేయించారు. జామకాయ, ఆపిల్, క్యారెట్ లాంటివి కొరికి తింటే పళ్లు శుభ్రంగా ఉంటాయని ఆయన పిల్లలకు చెబుతున్నాడు. నేను వెనక నిలబడి పెదవులు మూసుకుని వింటున్నాను. పిల్లలు వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చాడు.

"మేడమ్ గారూ, ఏమనుకోకండి. మీరు చిన్నప్పుడు ఎటువైపు ఉన్నారండి?"

చెప్పాను.

"అదేనండి. ఇది తోమితే పోయేది కాదు. పన్ను చిగుళ్ల లోపల తయారయ్యేటప్పుడే నీళ్ల వల్ల పడే మచ్చ. బయటి నుంచి మీరు ఏం తిన్నా, ఏం రుద్దినా ఏమీ కాదండి."

నిజం తెలిస్తే గుండె తేలికవుతుందంటారు. నాకు అలాంటిదేమీ జరగలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క నిమిషంలో చెప్పిన మాట, నావాళ్లు ఒక్కరూ నా జన్మలో చెప్పలేదని ఇంకా మండింది. ఇంటికెళ్లి అత్తమ్మకు చెప్పాను. "డాక్టర్లు గట్లనే అంటరు. మనం జేసేది మనం జెయ్యాలె" అని గిన్నె నా ముందుకు జరిపింది.

నా కూతురికి పాల పళ్లు ఊడి కొత్తవి వచ్చాయి. తెల్లగా వచ్చాయి. ఒక్క చార లేదు. దాని నవ్వు చూసినప్పుడల్లా నాకు సంతోషంతోపాటు ఇంకేదో కూడా కలిగేది. దాన్ని అసూయ అనడానికి నోరు రాదు గానీ, అది అసూయే.

మొన్న దసరా సెలవుల్లో తమ్ముడు ఫోన్ చేశాడు, అమ్మకు ఒంట్లో బాగుండడం లేదని. పిల్లను తీసుకుని వెళ్లాను. అమ్మ సన్నబడింది. నడుము వంగింది. ముందు పళ్లు రెండు మూడు ఊడిపోయాయి. మమ్మల్ని చూడగానే లేచి, గోడ పట్టుకుని వెళ్లి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు తెచ్చి నా కూతురికి ఇచ్చింది. నేను ఆ గ్లాసు వంకే చూశాను.

"ఇయ్యాల్ల పుట్టినయా నీళ్లు?" అన్నాను. అనకుండా ఉండలేకపోయాను.

"ఇంటింటికి నల్లా వచ్చింది. సాగర్ నీళ్లు" అంది. అంతే అంది. పిల్ల గటగటా తాగుతుంటే అది ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసింది.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ముగ్గురం వాకిట్లో కూర్చున్నాం. మేము వస్తున్నామని తమ్ముడు అంగట్లో తెచ్చిన జామకాయలు గంపలో ఉన్నాయి. నా కూతురు అందులో గట్టిది ఒకటి ఏరి, లంగాకు తుడిచి, నా ముందుకు చాపింది.

"అమ్మా, ఇది తిను. మా మేడం చెప్పింది. పీచున్నయి తింటే పళ్లకు గార పోతదంట. నువ్వు సక్కగ తోముకోవు గద, రోజు ఇది తింటే నీ పళ్లు గూడ నా లెక్క అయితయి."

దానికేం తెలుసు? ప్రేమతోనే ఇచ్చింది. వార్డెనమ్మ జాలితో ఇచ్చింది, అత్తమ్మ పెద్దరికంతో ఇచ్చింది, ఇది ప్రేమతో ఇచ్చింది. నా చెయ్యి నా నోటికి అడ్డం వెళ్లింది, కన్నబిడ్డ ముందు కూడా.

అమ్మ ముందుకు వంగి దాని చేతిలోంచి ఆ కాయ తీసుకుంది.

"మీ అమ్మ పళ్లకు మురికి లేదు బిడ్డా. ఏనాడు లేకుండె. అది నేను తాపిన నీళ్లు."

"నీళ్లకు గిట్ల అయితదా? మరి నాకెందుకు కాలే?"

"నీకు నేను తాపలే."

కుండ దగ్గర లాక్కున్న గ్లాసు, సోడాలు, బోండాలు, నడినెత్తిన పొద్దుండగా ఎక్కించిన బస్సు, నాతోని కాదు అన్న మాట, అన్నీ ఒక్కసారి వచ్చి నా మీద పడ్డాయి. అడిగాను.

"ఎప్పటి సంది ఎరుక నీకు?"

"నీ పురిటికి వచ్చినప్పటి సంది."

"మరి నాకెందుకు చెప్పలే? నీ ఇంటికి రాకుండ ఉన్న గద. చెప్తే ఏం పోయేది?"

అమ్మ చేతిలోని జామకాయను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది.

"ఏ మొఖం పెట్టుకుని చెప్పాలె? నెత్తురు కారంగ తినిపిస్తిని" అంది.

నేను ఓదార్చలేదు. పోనీలే అమ్మా అనలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఎదురు చూసిన మాట వచ్చింది, వచ్చి నా కూతురి చెవిన పడింది. సూర్యాపేట వరండాలో, నన్ను పక్కన నిలబెట్టినప్పుడు కావాలి నాకు ఆ మాట. ఇప్పుడు దాన్ని ఏం చేసుకోను? నా పళ్లు అలాగే ఉన్నాయి.

పిల్లకు మా గొడవ అర్థమైందో లేదో, అమ్మమ్మ మొహం చూసి, ఆమెను నవ్వించడానికి బళ్లో చేసినట్టు గట్టిగా "ఈ" అంది. అమ్మ చేతిలో కాయ పక్కన పెట్టింది. దాని గదవ పట్టుకుని, మొహం ఎండకు తిప్పి, పెదవి పైకెత్తి పళ్లన్నీ చూసింది. చాలాసేపు చూసింది. నన్ను పట్టుకున్నదీ ఆ చేత్తోనే.

ఆ తర్వాత నా వైపు చూస్తుందేమోనని కూర్చున్నాను. చూడలేదు.